ఇరవై రెండో గడి

నల్లగండ్ల, హైదరాబాద్
జూన్ 14

ప్రియమైన జయంతికి,

పుణ్యవతి రాస్తున్నాను. మన మధ్య ఉత్తరం నడిచి పాతికేళ్లు దాటింది. ఇన్నాళ్లకు పెన్ను ఎందుకు పట్టానంటే, మొన్న ఫోను చేసినప్పుడు అసలు మాట చెప్పలేకపోయాను. నేను మెల్లగా మాట్లాడతాను, నీకు ఎడమ చెవి వినబడదు, మధ్యలో మీ ఆయన ఫోను అందుకుని "ఏంటమ్మా, కాస్త గట్టిగా చెప్పు" అన్నారు. అది గట్టిగా చెప్పే మాట కాదు జయా. కాగితమైతే నెమ్మదిగా చెప్పినా వింటుంది.

పోయిన గురువారం మా అబ్బాయి లోహిత్ ఆఫీసు నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. వాళ్ల కంపెనీ బడిపిల్లల కోసం చేసిన ఆట. శ్రావణమాసంలో విడుదల చేస్తారట. మూత తీస్తే మూలకాల పట్టిక. ఒక్కో గడిలో ఒక మూలకం, దానికి జతగా ఒక ఆట. పద్నాలుగు సిలికాన్, అక్కడ వామనగుంటలు, ఎందుకంటే పీటకు పద్నాలుగు గుంటలు. పంతొమ్మిది పొటాషియం, అక్కడ క్యారమ్స్. తెల్లవి తొమ్మిది, నల్లవి తొమ్మిది, ఎర్రది ఒకటి. నీళ్లు తగిలితే పొటాషియం భగ్గుమన్నట్టు, స్ట్రైకరు తగిలితే కాయలు చెల్లాచెదురు. ఇరవై ఐదు మాంగనీసు, అక్కడ అష్టాచెమ్మ.

ఇవేవీ నీకు కొత్త కాదు కదా.

మూత మీద మా నాన్నగారి ఫోటో ఉంది. ఫోటో కింద "సైన్సు మాస్టారు సీతారామయ్య గారు మనవడికి మిగిల్చి వెళ్లిన ఆటల పట్టిక" అని అచ్చువేశారు.

నాన్నగారు ఆ పట్టికను ఏం చేశారో నువ్వు కళ్లారా చూశావు. రేపల్లెలో, పదో తరగతి పరీక్షల ముందు, నా నోటుపుస్తకంలో నేను గీసుకున్నది దొరికితే పొయ్యిలో పెట్టారు. "రసాయనశాస్త్రం అంటే అచ్చంగాయలు అనుకున్నావుటే?" అన్నారు. ఫస్టు క్లాసులో పాసైనా కాలేజీలో చేర్పించలేదు. ఆటలాడుకునే పిల్లకు ఇంటర్ ఎందుకన్నారు. ఆ వేసవిలోనే మీ నాన్నగారికి బాపట్ల బదిలీ అయింది. కాలిపోయిందంతా మళ్లీ గుర్తు చేసుకుని నీకు ఉత్తరాల్లో రాశాను, ఉత్తరానికి మూడు గళ్లు చొప్పున.

తప్పు నాదీ ఉంది. లోహిత్ పదో తరగతిలో ఈ పట్టిక నోటికి రాక ఏడుస్తుంటే పాత దుప్పటి మీద గళ్లు గీసి, చింతగింజలు పెట్టి నేర్పాను. "నీకేం తెలుసమ్మా, నువ్వు టెన్తే కదా" అన్నాడు. వాడు వినాలని, "ఇది నాది కాదురా, మీ తాతగారి పద్ధతి" అన్నాను. అప్పుడు విన్నాడు. తొంభై రెండు మార్కులు వచ్చాయి. కాబట్టి వాడికి తెలియక చేసిన పని ఇది. నేను నోటితో చెబితే ఇప్పుడు నమ్మడు. నీ దగ్గర ఉన్న నా ఉత్తరాలు పంపితే చూపిస్తాను. ఫోటో తీసెయ్యమనను. "మా అమ్మ నేర్పింది" అని మూడు మాటలు అచ్చువేస్తే చాలు.

పేరు మీద ఆశ పాపమేమో అని శనివారం గుళ్లో చాలాసేపు నిలబడ్డాను. స్వామి కాదనలేదు, అవుననలేదు.

నీ
పుణ్య


బాపట్ల
జూన్ 25

ఒసేయ్ పుణ్యా,

నీ ఉత్తరం చూసి పోస్టుమాన్ కూడా ఆశ్చర్యపోయాడు. "చేత్తో రాసింది ఎన్నాళ్లకు తెచ్చానమ్మా" అన్నాడు. నీ అక్షరాలు అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే, మెడలు వంచుకున్న కొంగల్లా ఉన్నాయి.

ఉత్తరాలు అటక మీద ట్రంకు పెట్టెలో ఉండాలి. నా మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వవు. మా ఆయన్ని ఎక్కమంటే "ముప్పై ఏళ్ల నాటి కాగితాల కోసం నా నడుం విరగ్గొడతావా" అంటారు. ఎవరినైనా పిలిపించి వెతికిస్తాను, తొందరపడకు.

నా మాట వింటావా? మాస్టారు పెద్దాయన, పోయినాయన. ఆ నీలం పెట్టె మీద ఆయన ఫోటో ఎంతో హుందాగా ఉండి ఉంటుంది. ఎవరి పేరైతేనేం, ఇంటి పరువు ఇంట్లోనే ఉంది. కన్నకొడుకు దగ్గర సాక్ష్యం పెట్టి గెలిచే తల్లిని నేనెక్కడా చూడలేదు. ఓడినా నష్టమే, గెలిచినా నష్టమే.

మా అబ్బాయి జశ్వంత్ సంగతి అడగలేదేం? రెండేళ్లు ఖాళీగా కూర్చుని, గడ్డం పెంచుకుని, నాతో మాట్లాడటం కూడా మానేశాడు. ఇప్పుడు అక్కడే మీ ఊళ్లో ఏదో కంపెనీలో కుదిరాడు. వాడు మళ్లీ నవ్వుతున్నాడే పుణ్యా, అది చాలు నాకు.

నీ
జయ


నల్లగండ్ల
జూలై 9

ప్రియమైన జయంతికి,

జశ్వంత్ కు ఉద్యోగం వచ్చినందుకు దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టాను. ఏ కంపెనీయో రాయలేదు నువ్వు. ఒకసారి ఇంటికి భోజనానికి రమ్మని చెప్పు. పెట్టె రంగు నీలమని నేను రాసినట్టు గుర్తు లేదు. రాశానేమోలే, ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది.

ఉత్తరాలు వచ్చేదాకా ఆగుదామనుకున్నాను, ఆగలేకపోయాను. ఆదివారం టిఫిను దగ్గర లోహిత్ ను అడిగాను. నా మాటలు ఎలా మొదలుపెట్టాలో తెలియక పులిజూదం గడి చూపించాను.

"ఇది ఇరవై రెండో గడిలో ఎందుకుందిరా, టైటానియం దగ్గర?"

"బోర్డు మీద ఇరవై రెండు పాయింట్లు కదమ్మా."

"ఊరందరికీ ఇరవై మూడు. మేం ఆడిన బండకు ఒక మూల విరిగిపోయింది. ఇంటి వెనక బట్టలుతికే బండ అది. నేనూ జయంతీ ఆడినది. మీ తాతగారు ఆ బండ దగ్గరికి ఒక్కనాడూ రాలేదు. ఆయన లెక్కపెడితే ఇరవై మూడే అయ్యేది."

వాడు ఇంకో ఇడ్లీ వేసుకున్నాడు. తర్వాత, "డిజైనర్లు కూడా అడిగారమ్మా. అది మా ఇంటి స్పెషల్ అని చెప్పాం. బాగా కనెక్ట్ అవుతోంది" అన్నాడు.

"ఆ పట్టిక నాదిరా" అన్నాను. జయా, ఆ మాట అంటుంటే నాకే సిగ్గు వేసింది, ఎవరి వస్తువో ఎత్తుకున్నట్టు.

"అమ్మా, సైన్స్ మాస్టారు చేశాడంటే స్కూళ్లు కొంటాయి. అదే టెన్త్ చదివిన..." అని ఆగాడు. ఆగినందుకు సంతోషించాలి కాబోలు. తర్వాత నా మొహంలోకి చూడకుండా, "పోనీ, నువ్వు రాసినట్టు కాగితం ఏమైనా ఉందా?" అన్నాడు.

"జయంతి దగ్గర ఉత్తరాలున్నాయి, పంపిస్తుంది" అన్నాను. వాడు ఫోను తీసి చూసుకున్నాడు.

మా కోడలు భార్గవి మంచిపిల్ల, గొంతు పెంచదు. కాఫీ ఇస్తూ, "అత్తయ్యా, మీకు పేరు కావాలా? మీరు అలాంటివారు కాదు కదా" అంది. ఆ మాట మూడు రోజులుగా నన్ను వదలడం లేదు. ఎలాంటిదాన్నో నాకే తెలియకుండా పోయింది.

అంట్లు తోమడానికి సక్కుబాయి వస్తుంది, ఇక్కడి మనిషే, శేరిలింగంపల్లి. పని అయ్యాక బాల్కనీలో కూర్చుని నాతో నాలుగు పందేలు వామనగుంటలు ఆడి వెళ్తుంది. పెట్టె చూసి, "గీ ముసలాయన ఎవరమ్మా?" అని అడిగింది. మా నాన్నగారన్నాను. "ఆడేటిది నువ్వు, ఫోటువ ఆయనదా? మంచిగున్నది. మా ఇంట్ల గూడ గిట్లనే, కష్టం నాది, మీసం మా ఆయనది" అని నవ్వింది. ఈ ఇంట్లో నా పక్షాన మాట్లాడింది ఆవిడ ఒక్కతే జయా. ఆవిడ చదువుకోలేదు.

విడుదల ఆగస్టు 22, ఆఖరి శ్రావణ శుక్రవారం. ఆ లోగా నా ఉత్తరాలు పంపు. ఒక్కటి దొరికినా చాలు, పులిజూదం గడి ఉన్నది పంపు. "మన రాయి విరిగింది కదా" అని పక్కనే రాశాను, నాకు బాగా గుర్తు.

నీ
పుణ్య


బాపట్ల
జూలై 28

పుణ్యా,

ట్రంకు పెట్టె దింపించాను. చెదలు పట్టింది. నా పెళ్లి చీర అంచు, మా అమ్మ జాతకం, నీ ఉత్తరాలు, ఏవీ మిగల్లేదు. ముట్టుకుంటే పొడి రాలింది. నాకు చాలా బాధగా ఉంది.

ఇక మర్చిపో. ఎంతో పుణ్యాత్మురాలివి. ఆ దేవుడికి తెలుసు కదా ఎవరు రాశారో, ఆ సాక్ష్యం చాలదా?

జయ


నల్లగండ్ల
ఆగస్టు 24

జయంతికి,

నీ ఉత్తరం అందిన రోజు ఏడ్చాను. తర్వాత నువ్వు రాసినదే నిజమనుకున్నాను, దేవుడి సాక్ష్యం చాలనుకున్నాను. పసుపు రాసి, దీపం పెట్టి, అడగడం మానేశాను. శుక్రవారం మంచి చీర కట్టుకుని లోహిత్ తో బయలుదేరాను.

హైటెక్ సిటీలో వాళ్ల ఆఫీసు అద్దాల మేడ. కింద గేటు దగ్గర నా ఫోటో తీసి మెడలో కార్డు వేశారు. దాని మీద "లోహిత్ మదర్" అని ఉంది. కార్డు రాసే అమ్మాయి నా పేరు అడిగింది కూడా, నేనే మెల్లగా చెప్పినట్టున్నాను, ఆమెకు వినబడలేదు.

ఏడో అంతస్తులో హాలు. గోడ నిండా పట్టిక, మనిషంత ఎత్తు. ఎన్ని రంగులో. వామనగుంటల గడి దగ్గర నిలబడి ఒక పెద్దాయన సిలికాన్ గురించి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. ఈ ఊరు ఊరంతా దాని మీదే బతుకుతోందని అర్థం వచ్చేలా ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. నేను ఆ పద్నాలుగు గుంటలు లెక్కపెట్టుకున్నాను. సరిగ్గానే వేశారు.

పక్కనే అద్దం బిగించిన పటం ఒకటి ఉంది. లోపల ఇన్‌లాండు కవరు.

జయా, దానికి చెద పట్టలేదు. అంచులు కూడా నలగలేదు. ఎంత పదిలంగా దాచావే! మెడలు వంచుకున్న కొంగలు వరసగా నిలబడి ఉన్నాయి. పైన "ప్రియమైన జయా" అన్న వరస మాత్రం లేదు, అది ఉండాల్సినచోట పటం అట్ట కప్పేసింది. కింద నా సంతకం ఉండాల్సినచోట కూడా అంతే. మధ్యలో మూడు గళ్లు, ఇరవై రెండో గడి పక్కన చిన్న అక్షరాల్లో "మన రాయి విరిగింది కదా". పటం కింద ఇత్తడి పలక మీద "సీతారామయ్య మాస్టారి పట్టిక, 1991" అని ఉంది.

నాన్నగారు కాల్చినదాన్ని నేను మళ్లీ రాశాను, నువ్వు దాచావు, నా కొడుకు అద్దం వేసి నాన్నగారికే ఇచ్చాడు.

నేను పక్కనున్న కుర్చీ పట్టుకున్నాను. ఎవరో వెనక నుంచి "పుణ్య ఆంటీ, కూర్చోండి" అన్నారు. చూస్తే జశ్వంత్. మెడలో అదే కంపెనీ కార్డు. గడ్డం తీసేశాడు, ఒళ్లు చేశాడు, బాగున్నాడు.

"ఎన్నాళ్లయింది నాయనా ఇక్కడ చేరి?"

"పోయిన దసరాకి ఆంటీ."

"అమ్మ చెప్పనేలేదు."

వాడు నా మొహంలోకి చూడలేదు. నీ కొడుకే, వాడికి అబద్ధం ఇంకా పూర్తిగా రాలేదు.

దీపం వెలిగించడానికి నన్ను పిలిచారు. వెలిగించాను. మైకు పట్టుకున్న అమ్మాయి తెలుగులో, "అమ్మా, పులిజూదంలో ఇరవై రెండే పాయింట్లు ఎందుకో, మాస్టారు మీకెప్పుడైనా చెప్పారా?" అని అడిగింది. లోహిత్ ముందు వరసలో కూర్చుని నావైపే చూస్తున్నాడు. చిన్నప్పుడు పరీక్ష ఫలితాల రోజు ఇలాగే చూసేవాడు. "రాయి విరిగిందండీ" అన్నాను, అంతే. నిజం అంతకంటే ఎక్కువ బయటికి రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

తిరుగు ప్రయాణంలో కారు ఖాజాగూడ దగ్గర చాలాసేపు ఆగిపోయింది. "ఆ ఉత్తరాలు నీకు ఎప్పుడు ఇచ్చింది?" అని అడిగాను.

"పోయిన ఏడాదమ్మా. నీకు సర్‌ప్రైజ్ ఇద్దామని."

"మొన్న టిఫిను దగ్గర, కాగితం ఏమైనా ఉందా అని అడిగావు కదరా నన్ను."

వాడు స్టీరింగు మీద చెయ్యి ఆనించి, "ట్రాఫిక్ చూడు, ఇవాళ్టికి ఇంటికి చేరేలా లేం" అన్నాడు.

నువ్వేమంటావు జయా?

పుణ్యవతి


బాపట్ల
సెప్టెంబరు 3

పుణ్యా,

ఏమంటాను. చెద అని రాసిన చేత్తోనే ఇదీ రాస్తున్నాను, చదువుతావో చించుతావో నీ ఇష్టం.

పోయిన ఏడాది శ్రావణంలో మా ఆడపడుచు కొడుకు పెళ్లికి లోహిత్ ఇక్కడికి వచ్చాడు. ఇంటికొచ్చి కాళ్లకు దండం పెట్టాడు. "ఆంటీ, అమ్మ రాసిన ఉత్తరాలు మీ దగ్గర ఉన్నాయని నా చిన్నప్పుడు చెప్పేది, ఒకసారి ఇస్తారా, పటం కట్టించి అమ్మకే ఇస్తాను" అన్నాడు. సంతోషంగా ఇచ్చాను. పసుపు దారం కట్టి ఉంచిన కట్ట, దారంతో సహా ఇచ్చాను. అప్పటికి నా మనసులో ఏ పాపం లేదు, దీనికి ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను.

వెళ్లబోతూ వాకిట్లో జశ్వంత్ ను చూశాడు. "ఏం చేస్తున్నావు తమ్ముడూ?" అన్నాడు. రెండు నెలలకు పిలుపు వచ్చింది. ఉత్తరాలకూ ఉద్యోగానికీ సంబంధం ఉందని లోహిత్ ఎప్పుడూ అనలేదు. లేదని కూడా అనలేదు.

ఈ వేసవిలో జశ్వంత్ పెట్టె ఫోటో పంపించాడు. మాస్టారి మొహం చూశాను. అప్పుడు అర్థమైంది. అప్పుడే నీకు ఫోను చెయ్యాల్సింది. చెయ్యలేదు. నీ ఉత్తరం వచ్చినప్పుడైనా చెప్పాల్సింది. జశ్వంత్ ను అడిగాను, "పుణ్య ఆంటీ ఉత్తరాలు తిరిగి అడిగితే ఏమవుతుందిరా?" అని. "నన్ను పంపించేస్తారమ్మా" అన్నాడు. నిజంగా పంపించేస్తారో, వాడి భయమో నాకు తెలియదు. వాడు మళ్లీ ఆ గదిలో తలుపేసుకుని పడుకోవడం నేను చూడలేను. నీ పేరు ఒకవైపు, నా కొడుకు మొహం ఒకవైపు. నేను తల్లిని పుణ్యా. నువ్వూ అంతేగా. అక్కడ మైకు చేతికిచ్చినా నిజం చెప్పలేకపోయావు, ఎవరి కోసం?

క్షమించమని అడగడానికి మొహం లేదు.

జయ


నల్లగండ్ల
సెప్టెంబరు 18

జయంతికి,

ఆఖర్న నువ్వడిగిన ప్రశ్న నిజమే. దానికి జవాబు రాయడానికి పన్నెండు రోజులు పట్టింది.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. తిట్లు నాకు చేతకావు. క్షమించానని రాద్దామనుకున్నాను, దేవుడి గదిలో కూర్చుని ప్రయత్నించాను కూడా. రాలేదు. రానిదాన్ని వచ్చినట్టు రాయను. ఆ పని ఒక్కసారి చేశాను, ఇది మీ తాతగారి పద్ధతి అని. దాని ఫలం ఏడో అంతస్తులో అద్దంలో ఉంది.

జశ్వంత్ ఉద్యోగానికి నా వల్ల ఏ హానీ జరగదు. ఉత్తరాలు ఇమ్మని లోహిత్ ను అడగను. పెట్టె మీద పేరూ అడగను. ఇది మంచితనం అనుకోకు. అడిగితే వాడు ఇంకో అబద్ధం చెబుతాడు. వాడి అబద్ధాలు నేను ఇక మొయ్యలేను. ఇంట్లో పప్పూ అన్నం వండి పెడుతున్నాను, వాడు "బాగుందమ్మా" అంటున్నాడు, నేను "ఇంకొంచెం వేసుకో" అంటున్నాను. మా మధ్య ఇప్పుడు ఉన్నది అంతే.

పెట్టెలు బాగా అమ్ముడవుతున్నాయట. సక్కుబాయి మనవరాలి బళ్లో కూడా ఒకటి కొన్నారు. ఆ పిల్ల ఇంటికొచ్చి "సీతారామయ్య సార్ ఎంత తెలివైనోడు" అందట. సక్కుబాయి చెబుతూ, "నేను చెప్పిన తియ్ పుణ్యమ్మా, ఆ సార్ పొయ్యిల పెట్టిండు, గీ అమ్మ మల్లా రాసింది అని. నా మాట ఎవలు నమ్ముతరు?" అంది. నేను ఆవిడకు చెప్పినందుకు నాకు సంతోషంగా ఉంది. ఒక్క మనిషికైనా మామూలు గొంతుతో చెప్పాను.

నీకు గుర్తుందా, మీ మామయ్య బొంబాయి నుంచి గోళీల పలక తెచ్చాడు, ఒక్కరే ఆడుకునేది? ముప్పై మూడు గుంటలు. ఆ సంఖ్య దగ్గర పట్టికలో ఆర్సెనిక్ ఉంది, విషం. పిల్లల ఆటకు విషం జత చెయ్యడం ఏమిటని అప్పట్లో ఆ గడి ఖాళీగా వదిలేశాను. లోహిత్ వాళ్లు కూడా ఖాళీగానే వదిలారు, నేను వదిలాను కాబట్టి. ఈ పన్నెండు రోజుల్లో దాన్ని నింపాను. మిగిలిన ఖాళీలు కూడా ఒక్కొక్కటే నింపాను. సంఖ్య కుదరనిచోట గుణం చూశాను. ఇనుము తుప్పు పట్టినట్టు మధ్యలో మానేసిన ఆటలు ఉన్నాయి, పాదరసంలా చేతికి చిక్కని ఆటలు ఉన్నాయి. పులిజూదాన్ని ఇరవై రెండులోనే ఉంచాను. లోకానికి ఇరవై మూడు కావచ్చు, మన బండకు ఒక మూల లేదు.

పట్టిక మొత్తం ఈ ఉత్తరంతో పంపుతున్నాను, పదహారు కాగితాలు. నీకే ఎందుకు అంటావేమో. ఈ ఇంట్లో దాచే చోటు లేదు, ఇక్కడ దొరికితే ఏమవుతుందో తెలుసు. రేపల్లె బండ మీద నాతో కూర్చుని ఆడినదానివి నువ్వు ఒక్కతివే. పైగా ముప్పై నాలుగేళ్లు చెద పట్టకుండా దాచినదానివి. దాచడం నీకు వచ్చు. ఇవ్వడం కూడా వచ్చని ఇప్పుడు తెలిసింది, అయినా నాకు వేరే ఎవరూ లేరు.

ట్రంకు పెట్టెలో, నీ పెళ్లి చీర కింద పెట్టు. పసుపు దారం కట్టినా కట్టకపోయినా పర్వాలేదు. మీ ఆయనకు చూపించకు, జశ్వంత్ కు చూపించకు. నా కొడుకు వచ్చి కాళ్లకు దండం పెట్టినా చూపించకు. నేను పోయాక కూడా బయటికి తియ్యకు. చూపించావా, ఇవి కూడా మా నాన్నగారు రాసినవే అవుతాయి.

పుణ్యవతి